నెలవంక ప్యానెల్: ఉమ్మడి వర్క్‌షాప్‌లో స్టెయిన్డ్ గ్లాస్ పని ఎంతవరకు వచ్చింది

ప్యానెల్ కొలత 30 × 40 సెం.మీ., 46 ముక్కలు, 3 మి.మీ. గాజు, కాపర్ ఫాయిల్ పద్ధతి (ప్రతి ముక్క అంచుకూ జిగురున్న పల్చటి రాగి రేకు, అంటే ఫాయిల్, చుట్టి, ఆ రేకుల్ని సోల్డర్ అనే కరిగించిన లోహంతో అతికించడం). కోత, గ్రైండింగ్, ఫాయిల్ చుట్టడం, ముందువైపు సోల్డరింగ్ పూర్తయ్యాయి. వెనకవైపు సోల్డరింగ్, ఫ్రేము, పాటినా (సోల్డర్ రంగు మార్చే ద్రావణం) మిగిలాయి.

ఉమ్మడి వర్క్‌షాప్‌లో బల్ల మన సొంతం కాదు. ఒక పూట పనికీ మరో పూటకీ మధ్య ఎన్నో రోజులు పోతాయి. కాబట్టి పని ఎక్కడ ఆపాలో ముందే తెలిసి ఉండాలి. గ్రైండింగ్ అయ్యాక ముక్కలు నెలల తరబడి ఉన్నా నష్టం లేదు. ఫాయిల్ చుట్టాక మాత్రం ఒకటి రెండు రోజుల్లో సోల్డర్ పడాలి. గాలిలో తేమకూ వేలిముద్రలకూ రాగి నల్లబడిపోతుంది, నల్లబడిన రాగికి సోల్డర్ అంటదు. ఆపక తప్పకపోతే గాలి చొరని జిప్ కవర్లో పెట్టండి. అప్పటికే నల్లబడితే 0000 నంబరు స్టీల్ ఊల్‌తో తేలిగ్గా రుద్దితే చాలు. ఫ్లక్స్ (సోల్డర్ రాగికి అంటేలా ముందు రాసే రసాయనం) రాశాక మాత్రం ఆపనే కూడదు. అందులోని జింక్ క్లోరైడ్ రాగిని తినేసి పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఆ పూట సోల్డర్ చేసినంత మేరకు సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టాకే ఇంటికి వెళ్లాలి.

నమూనా రెండు ప్రతులు తీశాం: ఒకటి కత్తిరించడానికి, ఒకటి కింద పరచడానికి. ప్రతి ముక్క మీదా నంబరు, రంగు, గాజు చార వెళ్లే దిక్కుకు బాణం గుర్తు ఉండాలి. ఫాయిల్ కత్తెర గీత వెంట 0.8 మి.మీ. కాగితం తీసేస్తుంది. ఆ ఖాళీ లేకపోతే ఫాయిల్ మందం కలిసి కలిసి ప్యానెల్ కొలత దాటిపోతుంది.

ఇందులో కష్టమంతా నెలవంక లోపలి వంపుదే. లోతైన వంపు ఒక్క గీతతో విరగదు, కొమ్ము దగ్గర చీలుతుంది. అసలు గీత ముందు గీసి, దాని బయట వృథా భాగంలో లోతు తక్కువ వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి గీసి, గ్రోజింగ్ ప్లయర్స్‌తో (గాజు అంచు తుంచే పట్టుకారు) బయటి నుంచి లోపలికి తుంచుతూ రావాలి. చివరి 1 మి.మీ. గ్రైండర్‌కు వదిలేయడం మేలు. కట్టర్‌ను అంచు నుంచి అంచు దాకా ఒకే ఒత్తిడితో నడపాలి. గీసిన గీత మీద మళ్లీ గీస్తే చక్రం మొద్దుబారుతుంది, గాజు ఎటో విరుగుతుంది. చంద్రుడు ఇంకా సన్నగా ఉంటే దాన్ని రెండు ముక్కలు చేసి ఒక సోల్డర్ గీత పెట్టడమే తెలివైన పని.

గ్రైండర్ ముట్టేముందు తొట్టిలో నీళ్లున్నాయా, స్పాంజి బిట్‌ను (గాజును అరగదీసే తిరిగే తల) తాకుతోందా చూడండి. బిట్ పొడిగా తిరిగితే అంచులు పెచ్చులూడతాయి, గాజు పొడి గాల్లోకి లేస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. అడుగున పేరుకున్న మడ్డిని సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. ముక్కల్ని బాగా కడగాలి. పొడి మిగిలితే ఫాయిల్ జిగురు పట్టదు. మేము వాడింది 7/32 అంగుళం, అంటే సుమారు 5.6 మి.మీ. ఫాయిల్. 3 మి.మీ. అంచు పోగా రెండు వైపులా 1.3 మి.మీ. చొప్పున మడత వస్తుంది. పారదర్శకమైన గాజులో ఫాయిల్ లోపలి రంగు కనిపిస్తుంది కాబట్టి, నల్ల పాటినా వేయాలంటే నల్ల వెనకవైపు ఉన్న ఫాయిలే తీసుకోవాలి.

సోల్డర్ 60/40 (60 శాతం తగరం, 40 శాతం సీసం), పూర్తిగా కరిగేది 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర. సోల్డర్ కరిగించే ఐరన్‌ను 370 డిగ్రీల దగ్గర పెట్టాం. ఒకే చోట ఆపితే సోల్డర్ సందులోంచి అవతలికి కారుతుంది, గాజు వేడికి పగులుతుంది. గీత పల్చగా ఉంటే సోల్డర్ చాలలేదని అర్థం. గరుకుగా ఉంటే మళ్లీ ఫ్లక్స్ రాసి కరిగించాలి. అందరూ వాడే ఐరన్ కొన నల్లబడే ఉంటుంది. తడి స్పాంజి, నవసాగరం దిమ్మ వాడండి, ఆకురాయి వద్దు. పైపూత పోతే కొన పనికిరాదు. ఆపేముందు కొనకు సోల్డర్ పూసి వదలడం తర్వాత వచ్చేవారికి మేలు.

ఈ సోల్డర్‌లో సీసం ఉంది. బల్ల దగ్గర టీ, తిండి వద్దు. బల్లను తడిగుడ్డతోనే తుడవాలి, చీపురు వద్దు. చేతులు సబ్బుతో కడగాలి. ఫ్లక్స్ పొగకు ఫ్యాన్ బయటికి లాగేలా ఉండాలి.

ఇక మిగిలింది వెనకవైపు సోల్డర్, చుట్టూ ఫ్రేముగా జింక్ చానెల్ (గాడి ఉన్న పట్టీ). వేలాడదీసే కొక్కేల్ని ఫాయిల్ అంచుకు అతికించకూడదు, బరువుకు ఫాయిల్ ఊడివస్తుంది. వాటిని చానెల్ మూలల దగ్గర సోల్డర్ చేయాలి. పాటినా మాత్రం సోల్డర్ మెరుస్తుండగా, కడిగిన రోజే వేసి, ఆరాక మైనం రుద్దాలి.