పచ్చి అబద్ధం, కటిక చీకటి... మరి ఇంగ్లీషులో?

గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లోనే మా ఆఫీసు, మిర్చి ఎగుమతుల పని. బయటి దేశాల పార్టీలకి వెళ్ళే మెయిళ్ళన్నీ నేనే రాస్తాను. చేరిన కొత్తలో ఒక పార్టీకి మా దగ్గరున్న రకాల గురించి వివరంగా రాస్తూ, తేజ రకం 'టూ హాట్' అని రాశాను. తేజ అంటేనే ఘాటుకి పేరు, ఆ ఘాటునే గొప్పగా చెప్పాననుకున్నాను. వాళ్ళు మర్నాడే, చాలా మర్యాదగా, అలాగైతే కారం కాస్త తక్కువుండే రకం ఏదైనా చెప్పండి అని జవాబిచ్చారు. మా సార్ అది చదివి, "అదేంటమ్మాయ్, వాళ్ళు మొదట అడిగింది ఘాటు సరుకే కదా, ఇప్పుడిలా మాట మార్చారేంటి?" అన్నారు. వాళ్ళేం మార్చలేదు. మార్చింది నేను రాసిన 'టూ'.

ఆ రోజు నుంచి ఈ చిన్న మాటల మీద నాకు పట్టుదల వచ్చింది. 'వెరీ', 'టూ', 'సో', 'క్వైట్', 'అబ్సల్యూట్లీ' లాంటివి ఒకదాని బదులు ఒకటి వేసుకునే మాటలని మనకి బళ్ళో పర్యాయపదాల పట్టీలా నేర్పుతారు. అది తప్పు. 'టూ' అంటే హద్దు దాటింది, ఇక పనికి రాదు అని. దానికి తెలుగులో సరిగ్గా సరిపోయే మాట మన నోట్లో రోజూ ఉంది: మరీ. "కూర చాలా కారంగా ఉంది" అన్నవాడు ఇంకో ముద్ద కలుపుకోవచ్చు, "మరీ కారంగా ఉంది" అన్నవాడు కంచం పక్కకి జరుపుతాడు. నేను ఆ పార్టీకి రాసింది మరీ కారం అని!

మన తప్పులు ఎక్కువగా 'చాలా' దగ్గరే పుడతాయని నాకనిపిస్తుంది. చాలా బాగుంది, చాలా మంది, చాలా నీళ్ళు, చాలా ఇష్టం, నిన్నటి కంటే చాలా నయం, అన్నిటికీ మనకి ఒక్క చాలా చాలు. ఇంగ్లీషులో ఆ పనిని నలుగురు పంచుకున్నారు. అందుకే 'వెరీ బెటర్' అని రాసేస్తాం, అక్కడ 'మచ్ బెటర్' అనో 'ఫార్ బెటర్' అనో ఉండాలి. 'ఐ వెరీ లైక్' అంటాం, 'వెరీ' ఒక్కటే వెళ్ళి క్రియకి అతుక్కోదు, 'ఐ రియల్లీ లైక్ ఇట్' అనాలి.

ఇంకో సంగతి. 'వెరీ టైర్డ్' బాగుంటుంది కానీ 'వెరీ ఎగ్జాస్టెడ్' అంటే వాళ్ళ చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. ఎందుకంటే 'ఎగ్జాస్టెడ్'లోనే ఒంట్లో ఓపిక మొత్తం అయిపోయిందని ఉంది, దాని పైన వెరీ పెట్టడానికి చోటు లేదు, పెడితే 'అబ్సల్యూట్లీ' లాంటిది పెట్టాలి. 'ఫ్రీజింగ్', 'హ్యూజ్', 'పర్‌ఫెక్ట్' ఇవన్నీ ఆ జాతే. ఇది నాకు గ్రామర్ పుస్తకంలో చదివినప్పుడు బుర్రకెక్కలేదు, మన పట్టపగలు గుర్తొచ్చినప్పుడు ఎక్కింది. పగలు పగలు కలిసి పట్టపగలైంది, చివర చివర కలిసి చిట్టచివరైంది, నడుమ నడుమ కలిసి నట్టనడుమైంది, పదో తరగతి సంధుల్లో అందరం చదివిందే. "చాలా పట్టపగలు" అని ఎవరైనా అంటారా? మాటలోనే గట్టితనం ఉంటే పైన ఇంకోటి వేయం.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది జంటల సంగతి. అబద్ధం పచ్చిది, చీకటి కటికది, పేదరికం కూడా కటికదే, కానీ అబద్ధాన్ని కటిక అబద్ధం అని ఎవరూ అనరు. ఎందుకలా అంటే కారణం చెప్పలేం, పుట్టిన దగ్గర్నుంచీ విన్నాం కాబట్టి తెలుసు. ఇంగ్లీషు వాళ్ళ చలికి 'బిటర్లీ', వాళ్ళ క్షమాపణకి 'డీప్లీ', సిఫారసుకి 'హైలీ', మెలకువకి 'వైడ్', అలసటకి 'డెడ్'. గాఢ నిద్రలో ఉన్నవాణ్ణి 'ఫాస్ట్ అస్లీప్' అంటారు, నిద్రలో వేగమేంటి అని నేను చాన్నాళ్ళు అనుకునేదాన్ని, ఆ 'ఫాస్ట్'కి పాత అర్థం గట్టిగా, కదలకుండా అని. బిగించడం అనే అర్థమున్న 'ఫాసెన్' మాటలో ఉన్నది అదే. ఇవన్నీ జంటలుగానే నోటికి రావాలి. విడివిడిగా బట్టీ పడితే ఒక్కటీ నిలవదు, నా అనుభవం ఇది.

'వెరీ' కూడా మొదట్లో నిజమైన అనే అర్థంతో పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాటే, వాడివాడి ఇలా అరిగింది. 'ఆఫుల్లీ', 'టెరిబ్లీ' భయం లోంచి పుట్టి ఇవాళ 'ఆఫుల్లీ నైస్' దాకా వచ్చాయి. మన పిల్లలు బెజవాడ బస్సులో కూర్చుని "భయంకరంగా బాగుందిరా" అంటుంటే పెద్దవాళ్ళు విసుక్కుంటారు గానీ, ఆ దారి ఇంగ్లీషు ఎప్పుడో నడిచిందే.

'క్వైట్' దగ్గర మాత్రం జాగ్రత్త. బ్రిటన్ పార్టీ ఒకరు మా శాంపిల్ చూసి 'క్వైట్ గుడ్' అని రాస్తే ఆఫీసంతా సంబరపడింది, ఆర్డరు మాత్రం రాలేదు. బ్రిటన్ వాళ్ళ క్వైట్ గుడ్ అంటే చాలాసార్లు మన "బాగానే ఉంది". బాగుందికి, బాగానే ఉందికి మధ్య ఎంత దూరమో పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అమెరికా వాళ్ళు అదే మాటంటే మెచ్చుకున్నట్టే అనుకోవచ్చు. ఇక 'క్వైట్ ఇంపాజిబుల్' అంటే ఎక్కడైనా పూర్తిగా అసాధ్యమనే.

ఇప్పుడు మెయిళ్ళలో ఘాటు గురించి ఏ క్రియావిశేషణమూ రాయను. స్కోవిల్ యూనిట్లు రాస్తాను. అమెరికాలో ఆ పేరుగల ఫార్మసిస్టు 1912లో కట్టిన కొలత అది. అంకె ముందు 'టూ' అక్కర్లేదు, 'వెరీ' అక్కర్లేదు.

మొన్న ఆదివారం బ్రాడీపేట నుంచి మా అక్క కూతురు వచ్చింది, ఇంటర్ చదువుతోంది, గుంటూరు ఎండల మీద ఇంగ్లీషు వ్యాసం రాసుకొచ్చింది. మొదటి నాలుగు లైన్లలో అయిదు వెరీలు. ముందు తెలుగులో చెప్పవే అన్నాను. "ఎండ మండిపోతుంటే మధ్యాహ్నం రోడ్డు మీద నరమానవుడు కనపడడు పిన్నీ" అంది. అదే రాయమన్నాను. కాసేపు పెన్ను కొరుక్కుని, అయిదు వెరీలూ కొట్టేసి, 'నాట్ ఎ సోల్ ఆన్ ద రోడ్' అని రాసింది.