షుగర్ పుండు మీద తేనె కట్టు

తేనె విషయంలో ముందే ఒక మాట. అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ బృందం 2023 మార్గదర్శకాలు షుగర్ వల్ల వచ్చిన కాలి పుండు మానడానికి తేనె వాడొద్దనే చెబుతున్నాయి, ఎందుకంటే నమ్మదగ్గ ఆధారాలు లేవు. కాబట్టి చూస్తున్న డాక్టర్ ఒప్పుకుంటేనే, మిగతా వైద్యానికి తోడుగానే వాడాలి.

ఈ పుండ్లు మొండికేయడానికి అసలు కారణాలు వేరు. పాదానికి రక్తం అందదు. స్పర్శ పోవడంతో నడిచిన ప్రతిసారీ అదే చోట బరువు పడుతుంది. చీము ఎముక దాకా పాకి ఉండొచ్చు. వీటిలో మొదటి రెండింటినీ తేనె ఏమీ చేయలేదు, ఎముకలోకి దిగిన చీముకి యాంటీబయాటిక్, అవసరమైతే సర్జరీ కావాలి. రక్తం అందక నల్లగా ఎండిపోయిన వేలికి తేనె రాస్తే తడిసి కుళ్లే ప్రమాదం ఉంది. దాన్ని పొడిగానే ఉంచి డాక్టర్‌కి చూపించాలి.

మరి తేనె చేసేదేమిటి? అందులో నీరు 20 శాతం లోపే, మిగతాది దాదాపు చక్కెరే. అది పుండులోంచి నీటిని లాగి, అంటుకున్న చచ్చిన పొరను వదులు చేస్తుంది, వాసన తగ్గిస్తుంది. రసితో పలచబడినప్పుడు అందులోని ఎంజైమ్ క్రిములను చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పుట్టిస్తుంది. రసి మరీ ఎక్కువైతే తేనే కొట్టుకుపోతుంది, అప్పుడు కట్టు కట్టినా లేనట్టే.

వంటింటి తేనె వద్దు. అందులో బొటులిజం (నరాలను చచ్చుబరిచే జబ్బు) తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఇంట్లో మరిగిస్తే అవి చావవు సరికదా, పనిచేసే ఎంజైమే పోతుంది. గామా కిరణాలతో శుద్ధి చేసిన మెడికల్ తేనె మాత్రమే వాడాలి. తేనెటీగ కుట్టినా, తేనె తిన్నా అలర్జీ వచ్చేవాళ్లు దాని జోలికి పోకూడదు.

డాక్టర్ ఆనెకాయ, చచ్చిన చర్మం తీసేశాక పుండును సెలైన్‌తో కడగాలి. తేనెను నేరుగా పోస్తే జారిపోతుంది. అందుకే 10 సెంటీమీటర్ల చదరపు గాజ్ గుడ్డకి సుమారు 20 మిల్లీలీటర్లు పట్టించి, పుండు అంచులు దాటేలా పరచాలి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి జింక్ ఆక్సైడ్ పూయాలి, లేకపోతే నాని తెల్లబడి పుండు పెద్దదవుతుంది. పైన రసి పీల్చే ప్యాడ్ వేయాలి. మొదట్లో రోజూ, రసి తగ్గాక రెండు మూడు రోజులకోసారి కట్టు మార్చాలి. అంటుకుంటే పీకొద్దు, సెలైన్ పోసి నాననివ్వాలి. లోతుగా సొరంగంలా ఉన్న పుండులోకి తేనె ఎక్కించొద్దు.

తేనె పులుపు వల్ల కొందరికి మంట పుడుతుంది. స్పర్శ పోయినవాళ్లకు అదీ తెలియదు కాబట్టి, నొప్పి లేదని నిశ్చింతగా ఉండకండి, రోజూ కళ్లతో చూడండి. వారానికోసారి పొడవు, వెడల్పు కొలిచి రాయండి. నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే రక్తప్రసరణ, ఒత్తిడి తగ్గించే చెప్పు, ఇన్‌ఫెక్షన్ అన్నీ మళ్లీ చూడాలి. పుండు అంచు దాటి ఎరుపు 2 సెంటీమీటర్లకు మించి పాకినా, జ్వరం వచ్చినా, జ్వరం లేకుండానే షుగర్ ఉన్నట్టుండి పెరిగినా కట్టు మార్చుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.