నాడీకణం చనిపోయే దారి

ల్యాబ్‌కి వెళ్ళగానే కణాలకు పోషక ద్రవం మార్చాను. నాడీకణాలకు మొత్తం ద్రవం ఒకేసారి తీసేయకూడదు. సగం తీసి, ఆ మేరకు కొత్తది పోయాలి. పిపెట్ కొనను, కణాలు పెరిగే ప్లాస్టిక్ పళ్ళెంలోని గుంట గోడకు ఆనించి మెల్లగా వదలాలి. ధారగా పోస్తే, వారాల తరబడి ఒకదానితో ఒకటి అల్లుకున్న కణాలన్నీ పొరలా లేచి వచ్చేస్తాయి. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరూ నాతో మాట్లాడరు, నేనూ మాట్లాడను.

ఈ కణాలు ఎవరి మెదడులోంచీ తీసినవి కావు. దాతలు ఇచ్చిన చర్మకణాలను మూలకణాలుగా మార్చి, వాటిని నాడీకణాలుగా పెంచాం. మనిషి కణాలతో ఇది సాధ్యమని 2007లో షిన్యా యమనాకా బృందం చూపించింది. అంతకుముందు, మేం చదివే మతిమరుపు జబ్బు అల్జీమర్స్ మీద పనిచేసినవాళ్ళకి చాలావరకు దొరికింది చనిపోయిన మనిషి మెదడు, లేదంటే బతికున్న ఎలుక. బతికున్న మనిషి నాడీకణం జబ్బుపడుతుంటే రోజూ చూడగలగడం ఎంత పెద్ద విషయమో నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

కొన్ని గుంటల్లో, ఈ రోగుల మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముద్దలు వేసి ఉంచాం. ఇవాళ మైక్రోస్కోప్‌లో ఆ గుంటలే ఎక్కువసేపు చూశాను. కణం నడిమి భాగం గుండ్రంగా, నిండుగా ఉంది. దాన్నుంచి బయల్దేరిన సన్నటి పోగులు మాత్రం అక్కడక్కడా ఉబ్బి, మధ్యలో సన్నబడి, పూసలు గుచ్చిన దారంలా కనిపించాయి. అంటే లోపల సరుకు రవాణా ఆగుతోంది. కణం ఇంకా చావలేదు. కణపొర చిరిగితేనే లోపలికి వెళ్ళే ఎర్ర రంగు ఒకటి ఉంది, అది ఇంకా ఈ కణంలోకి దిగలేదు. బతుకుకీ చావుకీ మధ్య ఉన్న ఈ దశ చాలా పొడుగైనది. రోగి మెదడులో అది ఏళ్ళ తరబడి సాగవచ్చు. మందు పని చేయాలంటే ఇక్కడే చేయాలి. నన్ను ఈ పనిలో కట్టిపడేసింది ఇదే.

మధ్యాహ్నం కొత్తగా చేరిన అమ్మాయి ఉత్సాహంగా వచ్చింది.

"మేడమ్, నిన్నటికంటే ఎర్రచుక్కలు తగ్గాయి. కోలుకుంటున్నట్టేనా?"

"తీసిన ద్రవం పారబోశావా, ఉందా?"

"ఉంది మేడమ్."

"అది కూడా చూసి రా."

చనిపోయిన కణం అడుగున అంటుకుని ఉండదు. ఊడి, ద్రవంలో తేలుతుంది. ద్రవం మార్చినప్పుడు దాంతోపాటే వెళ్ళిపోతుంది. కాబట్టి చచ్చినవాటిని లెక్కపెడితే చాలదు, మిగిలినవాటినీ లెక్కపెట్టాలి. తను వెళ్ళి చూసి వచ్చి, ఏమీ అనకుండా లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. మంచి పరిశోధకురాలు అవుతుంది.

మెదడులోనూ కష్టం ఇదే. పోయిన కణం శవపరీక్షలో కనబడదు, అది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. 1996లో గోమెజ్-ఇస్లా బృందం ఎంటోరైనల్ కార్టెక్స్‌లో ఆ ఖాళీని లెక్కగట్టింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోకి సమాచారం వెళ్ళే ముఖ్య ద్వారం అది. జబ్బు లక్షణాలు చాలా తేలిగ్గా ఉన్నవాళ్ళలోనే దాని రెండో పొరలో సుమారు 60 శాతం నాడీకణాలు పోయాయి. ముదిరినవాళ్ళలో అది 90 శాతం దాకా వెళ్ళింది. ఆ పేపర్ ఎన్నిసార్లు చదివినా ఆ మొదటి అంకె దగ్గరే ఆగిపోతాను. ఇంట్లోవాళ్ళు "ఏదో వయసు మతిమరుపులే" అనుకునే సమయానికి అంత నష్టం జరిగిపోయి ఉంటుంది.

1906లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ తన రోగి ఆగస్టె డీటర్ మెదడు గురించి చెప్పినప్పుడు కణాల బయట పేరుకున్న మచ్చలూ, లోపలి పోగుల చిక్కుముళ్ళూ మాత్రమే చెప్పలేదు. చివరికి కణం అంతా నశించి, అది ఉన్నచోట చిక్కుపడిన పోగుల కట్ట ఒక్కటే మిగులుతుందని మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో స్పష్టంగా ఉంది. అమైలాయిడ్ బీటాను 1984లో గ్లెన్నర్, వాంగ్ వేరుచేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు మచ్చల్లోని అమైలాయిడ్ ముందా, చిక్కుముళ్ళలోని టావ్ అనే ప్రొటీన్ ముందా అనే వాదనే నడిచింది. కణం అసలు ఏ పద్ధతిలో చస్తోంది అన్న ప్రశ్న పక్కకు జరిగింది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఆ వాదన అనవసరమని కాదు. రోగి కోల్పోయేది మాత్రం కణాలనీ, వాటిని ఒకదానితో ఒకటి కలిపే సినాప్స్‌లనీ.

"ఎలుకల్లో చూస్తే సరిపోదా మేడమ్?" అని సాయంత్రం ఆ అమ్మాయే అడిగింది. మన రంగానికి పెద్ద అడ్డంకి అక్కడే వచ్చింది. జన్యుమార్పిడి చేసిన ఎలుకల మెదడులో అమైలాయిడ్ మచ్చలు బోలెడు వస్తాయి, నాడీకణాలు మాత్రం పెద్దగా చావవు. కణాలు చావని జంతువులో కణాల చావును ఎలా చదువుతాం?

అందుకే 2023లో 'సైన్స్' పత్రికలో శ్రీరామ్ బాలుసు, బార్ట్ డి స్ట్రూపర్ బృందం ప్రచురించిన పని నాకు అంత ముఖ్యం. బెల్జియంలోని లూవెన్, బ్రిటన్‌లోని లండన్ ల్యాబ్‌లు కలిసి చేశాయి. అమైలాయిడ్ మచ్చలు వచ్చే ఎలుకల మెదడులో మనిషి నాడీకణాలను నాటారు. అదే మెదడు, అవే మచ్చలు. మనిషి కణాల్లో టావ్ చిక్కుముళ్ళు వచ్చాయి, కణాలు చచ్చాయి. ఎలుక కణాలకు అలా జరగలేదు. చస్తున్న మనిషి కణాల్లో మెగ్3 అనే ఆర్‌ఎన్‌ఏ బాగా పెరిగింది. ఇది ప్రొటీన్‌గా మారని రకం ఆర్‌ఎన్‌ఏ. రోగుల మెదడులోనూ అది పెరిగి ఉంది. పళ్ళెంలో పెంచిన మనిషి నాడీకణాల్లో మెగ్3 ఒక్కదాన్నే పెంచినా కణం చచ్చింది.

చచ్చే పద్ధతి పేరు నెక్రోప్టోసిస్. ఆర్‌ఐపీకే1, ఆర్‌ఐపీకే3 అనే ఎంజైములు వరుసగా మేల్కొని ఎంఎల్‌కేఎల్ అనే ప్రొటీన్‌ను ఉసిగొల్పుతాయి. అది కణపొరకు చిల్లులు పొడుస్తుంది, లోపలిదంతా బయటికొస్తుంది, చుట్టూ వాపు రేగుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని అడ్డుకున్నా, లేదా మెగ్3ని తగ్గించినా, నాటిన మనిషి కణాలు నిలబడ్డాయి. మచ్చలు అలాగే ఉండగానే కణాలు బతికాయి! ఆ వాక్యం దగ్గర అమ్మాయి నోట్‌బుక్‌లోంచి తలెత్తి నావైపు చూసింది. మొదటిసారి చదివినప్పుడు నేనూ కుర్చీలోంచి లేచాను.

తనకి రెండో వైపు కూడా చెప్పాను. ఆర్‌ఐపీకే1ను అడ్డుకునే ఒక మందును, కండరాలను కదిలించే నాడీకణాలు చచ్చే ఏఎల్‌ఎస్ జబ్బు రోగుల్లో పరీక్షిస్తే, 2024లో అది ప్రధాన లక్ష్యాన్ని చేరలేదని తేలింది. అది వేరే జబ్బు కాబట్టి అల్జీమర్స్‌లో దారి మూసుకుపోయినట్టు కాదు. పైగా చస్తున్న కణంలో ఈ ఒక్క దారే తెరుచుకుంటుందని కూడా లేదు. అందుకే మా గుంటల్లో కొన్నిటికి ఆర్‌ఐపీకే1 నిరోధకం, కొన్నిటికి ఎంఎల్‌కేఎల్ నిరోధకం వేస్తున్నాం. పోల్చి చూడ్డానికి మిగిలినవాటికి ఏమీ వేయడం లేదు.

బయల్దేరబోతుంటే తెలిసినమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ చెప్పిందే చెబుతోందట, తెలిసిన దారిలోనే తప్పిపోయిందట. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

"అక్కా, కొత్త మందు వచ్చిందట కదా. అమ్మకి మళ్ళీ అన్నీ గుర్తొస్తాయా?"

మెదడులోని అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ గురించి అడుగుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి వచ్చింది. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళకే ఇస్తారు. 18 నెలల పరీక్షలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళతో పోలిస్తే క్షీణత 27 శాతం నెమ్మదించింది. ఆగిపోలేదు. కొందరికి మెదడులో వాపో రక్తస్రావమో వస్తుంది, అందుకే మధ్యమధ్యలో ఎంఆర్‌ఐ తీస్తారు. ఏపీఓఈ4 జన్యువు రెండు ప్రతులున్నవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ. పోయిన కణాలు తిరిగిరావు.

కాసేపు మాట్లాడలేదు. "మరి మీరు చేసేది?" అంది.

"ఉన్న కణాలు పోకుండా చూడ్డానికి. అది మందుగా రావడానికి ఇంకా టైమ్ పడుతుంది. అది వస్తుందని నువ్వు ఆగకు. ముందు ఇది అల్జీమర్సేనా అన్నది తేలాలి. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్, వేసుకునే మందులు, వీటివల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి వైద్యం ఉంది. న్యూరాలజిస్ట్‌కి చూపించు. అమ్మ వేసుకునే మాత్రలన్నీ పట్టుకెళ్ళు."

"రేపే డాక్టర్‌కి ఫోన్ చేస్తానక్కా" అంది. డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణాలన్నీ ఎప్పుడు మొదలయ్యాయో వరుసగా కాగితం మీద రాయమని, చదివి చూసి పంపుతానని చెప్పాను.