అమ్మేసిన బండికి వచ్చిన చలానా

సంక్రాంతి అయిన పది రోజులకు, పాకాల దగ్గర మా ఊర్లో ఉంటున్న పెదనాన్నకు ఒక పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. బండి మీద కోర్టులో కేసు ఉందని, వాయిదాకు రావాలని చెప్పి, కేసు నంబరు గానీ తేదీ గానీ చెప్పకుండానే అవతలివారు పెట్టేశారు. ఆయన వెంటనే తిరుపతిలో ఉన్న నాకు ఫోన్ చేసి, "ఏం బండిరా అబ్బయా, నాకు బండే లేదే! ఆ స్ప్లెండర్ అమ్మి నాలుగేండ్లయ్యిందే" అన్నారు. అమ్మిన మాట నిజమే. పక్క ఊరి మనిషికి నూరు రూపాయల స్టాంపు పేపరు మీద రాసిచ్చి, డబ్బు లెక్కపెట్టుకొని, తాళం చేతిలో పెట్టడంతో పని అయిపోయిందని ఆయన అనుకున్నారు. ఆర్‌సీలో పేరు మాత్రం ఆయనదే.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో బండి అమ్మినవారు 14 రోజుల లోపల ఆ సంగతి రవాణా అధికారికి తెలియజేయాలి. ఫారం 29 అందుకోసమే ఉంది. పేరు మారనంత వరకు రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో స్పష్టంగా చెప్పింది. స్టాంపు పేపరు మనకూ కొన్నవారికీ మధ్య ఒప్పందమే తప్ప, పోలీసులకు గానీ కోర్టుకు గానీ దానితో సంబంధం లేదు. మా పల్లెల్లో సగం పాత బండ్లు ఇట్లాగే చేతులు మారుతున్నాయన్నది అందరికీ తెలిసిన విషయమే.

నేను మొదట వెతికింది పరివాహన్ అనే కేంద్ర రవాణా శాఖ సైటులోని ఈ-చలానా పేజీలో. అక్కడ బండి నంబరు ఒక్కటే ఇస్తే చాలదు. ఛాసిస్ నంబరు గానీ ఇంజను నంబరు గానీ చివరి ఐదు అంకెలు ఇవ్వాలి. పెదమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి పాత ఇన్సూరెన్సు కాగితం వెతికి తీసి, ఫోనులో ఒక్కొక్క అంకె చదివి వినిపించింది. రెండు చలానాలు కనిపించాయి. ఒకటి ఇంకా పోలీసుల దగ్గరే ఉంది, రెండవది కోర్టుకు వెళ్లిపోయింది. ఫోటో తెరిస్తే, వెనుక పాలక్యాను కట్టుకొని హెల్మెట్ లేకుండా పోతున్న కుర్రవాడు కనిపించాడు. బండి కొన్న మనిషి కొడుకే. రిజిస్ట్రేషన్ నాటి ఫోను నంబరును పెదనాన్న ఏనాడో వదిలేశారు కాబట్టి, ఆయనకు ఒక్క సందేశమూ అందలేదు. ఇక్కడే ఒక మాట చెప్పాలి. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే అది మోసమే; దాన్ని తెరవకుండా తీసేసి, ప్రభుత్వ సైటుకు మనమే వెళ్లి చూసుకోవాలి.

కోర్టుకు వెళ్లిన చలానాకు ఆ ఈ-చలానా పేజీలో డబ్బు కట్టే వీలు కనిపించలేదు. అందువల్ల కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ సేవల సైటుకు వెళ్లాను. కేసు నంబరు లేకపోయినా, ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు లేకపోయినా, పక్షకారుడి పేరుతో వెతకవచ్చు. మొదటి తికమక జిల్లా దగ్గర వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది గదా అని నేను జాబితాలో తిరుపతి కోసం చూస్తే, ఆ పేరే లేదు. రెవెన్యూ జిల్లాలు విడిపోయినా కోర్టుల లెక్క పాత చిత్తూరు కిందే నడుస్తోంది. రెండవ తికమక పేరుతో వచ్చింది. మా పెదనాన్న పేరు 'ముని'తో మొదలవుతుంది. మన చిత్తూరు వైపు ఆ పేర్లకు కరువా? అదే పేరును ఇంగ్లీషులో ఒకరు మునిస్వామి అని, ఒకరు మునస్వామి అని, మరొకరు మునుస్వామి అని రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటే మరొకచోట పొడి అక్షరంగా వెనుక ఉంటుంది. పూర్తి పేరు కొడితే ఏమీ దొరకలేదు. మొదటి మూడక్షరాలు, ఎం, యు, ఎన్ మాత్రం ఇచ్చి, సంవత్సరం పెట్టి, పెండింగ్ కేసులు మాత్రమే అడిగితే పెద్ద చిట్టా వచ్చింది. ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటూ పోతే, ముప్పావు గంటకు మా కేసు దొరికింది: ఎస్‌టీసీ నంబరు, అంటే సంక్షిప్త విచారణ కేసు, ఏ కోర్టు, దాఖలు తేదీ, తర్వాతి వాయిదా తేదీ, అన్నీ ఉన్నాయి. వాయిదా ఇంకా పన్నెండు రోజులుంది.

దాఖలు తేదీని ఊరికే చూసి వదిలేయకూడదని మా వీధిలోని వకీలు గారు చెప్పారు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని, జరిగిన ఆరు నెలల లోపల కోర్టు విచారణకు తీసుకోవాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా, ఆ ప్రశ్న లేవనెత్తే హక్కు మనకు ఉంటుంది. మా కేసులో ఆ గడువు దాటలేదు. ఫోటోలో బండి నంబరు కూడా సరిగానే ఉంది. కెమెరా మూడును ఎనిమిదిగా చదివి వేరొకరి బండికి చలానా పడిన సంగతులు నాకు తెలిసినవే ఉన్నాయి. అటువంటప్పుడు డబ్బు కట్టేసి చేతులు దులుపుకోవడం తప్పని నా అభిప్రాయం. కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. హెల్మెట్ లేనందుకు మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు వాడకుండా చేసే వీలు కూడా ఉంది కాబట్టి, మనం చేయని తప్పును నెత్తిన వేసుకుంటే నష్టం డబ్బుతోనే ఆగదు.

ఒప్పుకునేవారికి అదే చట్టంలోని 208వ సెక్షన్ ఒక సదుపాయం ఇచ్చింది. సమన్లలో అందుకు అవకాశం ఇచ్చి మొత్తం రాసి ఉంటే, స్వయంగా వెళ్లకుండా రిజిస్టర్డ్ పోస్టులో ఒప్పుకోలు, డబ్బు పంపవచ్చు. మాకు సమన్లే అందలేదు. పైగా నడిపింది పెదనాన్న కాదు. ఆ సమయంలో బండి ఎవరు నడిపారో అధికారులు అడిగితే యజమాని చెప్పాలని 133వ సెక్షన్ అంటుంది. కాబట్టి స్టాంపు పేపరు తీసుకొని, కొన్న మనిషిని వెంటబెట్టుకొని వాయిదాకు వెళ్లాము. అతడు మొదట "నాకేం సంబంధం మామా" అన్నాడు గానీ, ఫోటోలో కొడుకును చూపించాక మాట మారింది. పోలీసుల దగ్గర ఉన్న చలానా ఆ సాయంత్రమే ఫోనులో కట్టేశాడు.

కోర్టులో బెంచ్ క్లర్కు చూపించిన దారి లోక్ అదాలత్. మా కేసును ఆ తర్వాతి జాతీయ లోక్ అదాలత్‌కు పెట్టారు. అది జరిగిన శనివారం నాడు బండి కొన్న మనిషే జరిమానా కట్టాడు, కేసు ముగిసింది. వకీలును పెట్టుకోలేనివారు 15100 నంబరుకు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వారు దారి చెబుతారు; ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది.

కేసు ముగిసిన మూడు వారాల తర్వాత కూడా చలానా పేజీలో అది బాకీగానే కనిపించింది. అందుకని ఉత్తర్వు నకలుకు దరఖాస్తు చేసి, దాన్ని స్టేషన్‌లో చూపించాక గానీ అది మారలేదు. ఆ నకలును పెదనాన్న పాలిథిన్ కవర్లో పెట్టి, పట్టాదారు పాసుపుస్తకం పక్కన దాచుకున్నారు. ఫారం 29 మీద, పేరు మార్పుకు ఇచ్చే ఫారం 30 మీద ఇద్దరి సంతకాలూ ఆ రోజే పెట్టించాను. కొన్న మనిషి ఇంకా ఇన్సూరెన్సు కట్టించుకోవాలట. అది కాగానే పేరు మారుస్తానంటున్నాడు. వారానికొకసారి పెదనాన్న అతడికి ఫోన్ చేస్తూనే ఉన్నారు.