జెనీవాలో సోన్యా సమాధి

జెనీవా సరస్సు ఒడ్డున జార్దాన్ ఆంగ్లే అనే తోట ఉంది. అక్కడి పూల గడియారం ముందు ఫోటోలు దిగేవారికి లెక్కలేదు. నేను వెళ్లింది మాత్రం నూట యాభై ఏళ్ల కిందటి ఒక పసిపాప కోసం.

1868 మే నెల మొదట్లో రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ, ఆయన భార్య అన్నా తమ తొలిచూలు బిడ్డ సోన్యాను గాలి మార్పు కోసం ఈ తోటకే తీసుకొచ్చేవారు. బయట తిప్పమన్నది డాక్టరే. ఒకరోజు ఉన్నట్టుండి వాతావరణం మారింది. ఈ ఊరివాళ్లు ‘బీజ్’ అనే చలిగాలి మొదలైంది. పాపకు జలుబు చేసింది, అది ఊపిరితిత్తులకు పాకింది. గండం గడిచిందని డాక్టరు చెప్పిన కొన్ని గంటలకే, మే 24న, ప్రాణం పోయింది. మార్చి 5న పుట్టిన పిల్ల. మూడు నెలలు కూడా నిండలేదు.

అక్కడినుంచి ట్రామ్ ఎక్కి ఊళ్లోనే ఉన్న ప్లేన్‌పాలే వెళ్లాను. సోన్యా సమాధి ఉన్న శ్మశానం అక్కడే. ‘రాజుల శ్మశానం’ అని పేరే గాని అక్కడ రాజులెవరూ లేరు. పెద్ద చెట్లు, పచ్చిక, మధ్యమధ్య సమాధులు. ఇప్పుడు ప్రముఖులకే అక్కడ చోటు ఇస్తారు. చాలామంది అర్జెంటీనా రచయిత బోర్హెస్ సమాధి వెతుక్కుంటూ వస్తారు, నేనూ దాని ముందు కాసేపు నిలబడ్డాను. సోన్యాది చిన్న రాయి. ఆ మహామహుల నడుమ ఆమె పేరు, 1868 అన్న సంవత్సరం చదువుతుంటే గొంతు పట్టేసింది. ఖననం నాడు పాపకు తెల్లని గౌను తొడిగి, తెల్లని పెట్టెలో పడుకోబెట్టారని, సమాధి చుట్టూ సైప్రస్ మొక్కలు నాటి పాలరాతి శిలువ నిలిపారని అన్నా తన జ్ఞాపకాల్లో రాసింది. రోజూ పూలు తెచ్చి ఇక్కడే కూర్చుని ఏడ్చేవారట.

అప్పటికి దోస్తోయెవ్‌స్కీకి 46 ఏళ్లు. మిత్రుడు మైకొవ్‌కు రాసిన ఉత్తరంలో ఆయన చెప్పుకున్నవన్నీ చిన్న చిన్న సంగతులే. పాప తనను గుర్తుపట్టడం మొదలుపెట్టిందట, దగ్గరికి వెళితే ఏడుపు మానేదట, తన గొంతు ఎంత వింతగా ఉన్నా పాడితే ఇష్టంగా వినేదట. మళ్లీ పిల్లలు పుడతారులే అని అందరూ ఓదారుస్తున్నారు, మరి నా సోన్యా ఏది అని అడిగాడు. ఆ పాప బతుకుతుందంటే శిలువ ఎక్కడానికైనా సిద్ధమేనన్నాడు. పిల్లను పోగొట్టుకున్నవారికి ఆ ఓదార్పు మాట ఎవరూ చెప్పకూడదని నాకు గట్టిగా అనిపించింది.

ఇంకో సంగతి చదివినప్పుడు మనసు మండిపోయింది. బిడ్డ పోయిందని తెలిసి కూడా, అంత గట్టిగా ఏడవవద్దని, తమ నరాలకు ఇబ్బందిగా ఉందని ఇరుగుపొరుగువారు కబురు పంపారట.

ఆ ఊళ్లో ఇక ఉండలేక ఇద్దరూ స్టీమరులో వెవే పట్టణానికి వెళ్లిపోయారు. మర్నాడు నేనూ అదే దారిన పడవ ఎక్కాను. ఆనాటి వాళ్ల ప్రయాణంలోనే ఆయన మొదటిసారి భార్య ముందు తన విధిని నిందించాడు. చిన్నతనంలో తల్లి పోవడం, సైబీరియా శిక్ష, ఇప్పుడు ఈ బిడ్డ, అన్నీ చెప్పుకున్నాడు. ఆయన ‘ఇడియట్’ నవల అప్పటికే పత్రికలో భాగాలుగా వస్తోంది. తర్వాతి భాగానికి గడువు ముంచుకొస్తోంది. వెవేలో మళ్లీ కలం పట్టక తప్పలేదు.