ఎర్ర మందు

నాకు ఓవరీ (అండాశయం) క్యాన్సర్‌కి ఆపరేషన్, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో అన్నీ అయిపోయాక కొత్త జుట్టు వస్తోందని ఇంట్లో అందరం సంబరపడుతుంటే కడుపు మళ్లీ ఉబ్బింది. ఈ క్యాన్సర్ జాడ చెప్పే రక్తపరీక్ష సీఏ-125 విలువ 35 లోపు ఉండాలి, చేయించిన ప్రతిసారీ పెరిగింది. కీమో ముగిసిన 6 నెలలలోపే తిరగబెడితే జబ్బు కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందులకు లొంగనట్టు లెక్క. కోపం వచ్చింది. అన్ని వాంతులు ఓర్చుకున్నది దీనికోసమా?

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. మొండికేసిన కణాలు మందు చేసిన గాయాన్ని తామే బాగుచేసుకుంటాయి. కొన్నైతే లోపలికొచ్చిన మందును పంపుతో తోడినట్టు బయటికి పంపేస్తాయి. అందుకే నాకు మందు మార్చి, లైపోసోమల్ డాక్సోరూబిసిన్ పెడతామన్నారు. డాక్సోరూబిసిన్ పాతదే, గుండెకు హాని చేస్తుందని పేరుంది. ఇందులో దాన్ని 100 నానోమీటర్ల లోపు కొవ్వు బుడగల్లో నింపుతారు. అంటే వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు! రక్తంలో రోజుల తరబడి తిరుగుతూ, గడ్డల దగ్గర రక్తనాళాలకుండే సందుల్లోంచి లోపలికి చేరుతుంది. గుండె మీద భారం తక్కువ. 1995లో అమెరికా అనుమతించిన ఈ మందు మన దగ్గరా తయారవుతోంది. 2012లో అక్కడ కొరత వస్తే ఇక్కడి నుంచే తెప్పించుకున్నారని తెలిసి మా తమ్ముడికి ఎంత ధైర్యం వచ్చిందో!

"గడ్డలు తగ్గేది కొద్దిమందికేనమ్మా, చూద్దాం" అని కూడా ఆవిడ ముందే చెప్పారు. ఆ మాట దాచనందుకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

డ్రిప్‌లో ఎర్రగా ఎక్కుతుంటే మొదటిసారి మొహం వేడెక్కి, నడుం పట్టేసింది. సిస్టర్ వెంటనే ఆపి, కాసేపయ్యాక నెమ్మదిగా ఎక్కించింది. జుట్టు ఈసారి పెద్దగా రాలలేదు. బాధంతా చేతులతోనే. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండేవి. వేడి గిన్నె పట్టుకోలేను, చపాతీ కర్ర తిప్పలేను. "వదినా, ఈ నెల వంటగదిలోకి రావద్దు" అని మా ఆడపడుచు గరిటె లాక్కుంది. చన్నీళ్లు, వదులు చెప్పులు, మాయిశ్చరైజర్, నోటిపూతకు చల్లని పెరుగన్నం. గాజులు కూడా తీసేశాను. ఒకసారి చర్మం ఊడడంతో డోసు వాయిదా వేసి, తర్వాత తగ్గించారు.

స్కాన్‌లో పొట్టలో నీరు పోయింది, గడ్డలు చిన్నవయ్యాయి. పూర్తిగా పోలేదు, కానీ పెరగడమూ లేదు. స్కాన్లు, గుండెకు ఎకో నడుస్తూనే ఉన్నాయి. వంట మళ్లీ నాదే.

ఈ మందు మొదలుపెట్టేవాళ్లు అరచేతుల్లో మంట మొదలైన రోజే డాక్టరుకు చెప్పండి. చర్మం ఊడేదాకా ఓర్చుకోవద్దు.