అమ్ముడుపోని లేసు

మన 1978 పదో తరగతి బ్యాచ్ సంచికకు రెండు పేజీలు రాసి ఇవ్వమని కమిటీ అడిగింది. హెడ్మిస్ట్రెస్ గారి గురించీ, లెక్కల మాస్టారి గురించీ, గోదావరి గట్టు మీది వనభోజనాల గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. జామచెట్టు కేసు మాత్రం మన గోదావరి ఎక్స్‌ప్రెస్ తప్ప మరెవరూ రాయకూడదు (ఎవరివీ అసలు పేర్లు రాయను, బడిలో పెట్టుకున్న ముద్దుపేర్లే). నాకు బుధవారం ఆఖరి రెండు పీరియడ్లు, క్రాఫ్ట్ టీచరుగారు మనకు టాటింగ్ అనే లేసు అల్లిక నేర్పిన ఆ క్లాసు చాలు.

లేసు మనకు కొత్తదా? నరసాపురంలో పుట్టిన ఆడపిల్లకు పలకా బలపం కన్నా ముందే క్రోషే సూది చేతికి వచ్చేది. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పిన విద్య అది. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో అరుగు అరుగునా అల్లుతూనే ఉన్నారు. లేసు ఏజెంటు దారం కండెలు ఇచ్చేవాడు, వాడిన దారాన్ని బట్టి కూలి కట్టేవాడు. మా అమ్మ పువ్వులు అల్లేది. వాటిని కలిపే అతుకు పని వేరే వీధిలో జరిగేది. తను అల్లిన పువ్వులన్నీ కలిస్తే ఏ బల్లగుడ్డ అయ్యాయో అమ్మ ఎన్నడూ చూడలేదు. అందుకే తొమ్మిదో తరగతిలో క్రాఫ్ట్ టీచరుగారు వచ్చి ‘లేసు నేర్పుతాను’ అనగానే మూడో బెంచీ నుంచి ‘ఇక్కడ కూడా అదేనా?’ అని వినిపించింది. ఎవరన్నారో మనందరికీ తెలుసు, పేరు రాయను.

ఆవిడ కోప్పడలేదు. సంచీలోంచి కొబ్బరిచిప్పతో చేసిన, లోపల దారం చుట్టుకునే చిన్న షటిల్ తీసి బల్ల మీద పెట్టారు. కొనలు రెండూ ఒకదాన్నొకటి తాకుతూ అరచేతిలో ఇమిడిపోయే పడవ అది. సూది లేదు, కొక్కెం లేదు. దారం ఆ కొనల మధ్య నుంచి జారినప్పుడల్లా టిక్కుమని చప్పుడు. టాటింగ్ అనే మాట నేను విన్నది ఆ రోజే.

ఎడమచేతి వేళ్ళ చుట్టూ దారం, కుడిచేతిలో షటిల్. షటిల్‌ను ఒకసారి కింద నుంచి, ఒకసారి పై నుంచి పోనిస్తే రెండు సగాలు కలిసి ఒక ముడి. చూడటానికి ఇంతే. అసలు రహస్యం అంతా ముడి మారడంలో ఉంది. షటిల్ దారంతో వేసిన మెలిక, ఎడమచేతి వేళ్ళు వదులు చేసి షటిల్ దారాన్ని బిగలాగగానే, చేతి మీది దారానికి గెంతాలి. గెంతితే షటిల్ దారం లోపల తిన్నగా జారుతుంది, లాగితే వరుస ముడుచుకుని రింగు అవుతుంది. గెంతకపోతే ముడి అక్కడే బిగుసుకుని కదలదు. దీన్ని మాటల్లో చెబితే ఎవరికీ అర్థం కాదని ఆవిడకు తెలుసు. అందుకే చేతి మీద తెల్లదారం, షటిల్‌లో ఎర్రదారం ఇచ్చారు. ఎర్రదారం మీద తెల్లముడి కనిపిస్తే మారినట్టు, తెల్లదారం మీద ఎర్రముడి కనిపిస్తే మారనట్టు. టీచరు చెప్పనక్కర లేదు, దారమే చెబుతుంది. నా తెల్లముడి మొదటిసారి పడినప్పుడు జడకుప్పెలు బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టింది. అప్పటికి తనకు ఇంకా పడలేదు.

ఆ సంవత్సరం మనం కలిసి చేసిన కాలరు గుర్తుందా? రింగుకు నాలుగు వైపులా ఐదేసి ముడులు, మధ్యలో పికో (ముడుల మధ్య వదిలే చిన్న దారపు ఉచ్చు), పక్క రింగును ఆ పికోలోంచి లాగి కలపడం. స్టాఫ్ రూములో దాన్ని చూసి ఒక లేసు ఏజెంటు తిరగేసి, మరగేసి, ఎంతకాలం పట్టిందని అడిగాడు. చెప్పాక తల అడ్డంగా ఊపాడు. దారం తక్కువ, కాలం ఎక్కువ, దారం లెక్కన కూలి కట్టే ఊళ్ళో ఇది గిట్టదు అన్నాడు. వ్యాపారిగా అతను చెప్పింది నిజమే. టీచరుగారు కాలరును మడతపెట్టుకుంటూ, “అమ్మడానికి నేర్పడం లేదండీ. మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా తామే చేసుకున్న వస్తువు ఒకటి ఈ పిల్లలకు ఉండాలి” అన్నారు. తలుపు పక్కన నిలబడి విన్నది నేనూ, డబ్బారేకూ. డబ్బారేకు ఉంటే సాక్ష్యం చెప్పేది.

పదో తరగతి ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు. తరువాత ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ పరీక్షలు, వేసవి శిక్షణలో టీటీసీ అనే టీచరు సర్టిఫికెట్, ఆ పైన ప్రభుత్వ బాలికల పాఠశాలలో క్రాఫ్ట్ టీచరు ఉద్యోగం. గత ఏడాది పదవీ విరమణ చేశాను. ఏ ఊరికి బదిలీ అయినా ఎర్రదారం, తెల్లదారం నాతోనే వచ్చాయి. ఎడమచేతి వాటం పిల్లలను పక్కన కాక ఎదురుగా కూర్చోబెట్టుకుంటే అద్దంలో చూసినట్టు తేలిగ్గా నేర్చుకుంటారు. ఇది ఎవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను. క్రోషే అల్లిక కొస పట్టి లాగితే ఊడివస్తుంది, మళ్ళీ అల్లుకోవచ్చు. టాటింగ్ ముడి విప్పడం గగనం. కాబట్టి పిల్లలు తొందరపడటం మానేసి, ముడి ముడికీ చూసుకుంటూ వేస్తారు. దారం ఎక్కడైనా తెగినా మిగిలింది చెక్కు చెదరదు. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. రాత్రి పని అయ్యాక అల్లిన చేతిరుమాలు అంచుల ఫొటోలు ఫోనులో పంపుతుంది. చివరి రింగును మొదటి రింగుకు మెలి పడకుండా కలపడం ఎలాగని మొన్న అడిగింది. చేసి, వీడియో తీసి పంపాను. మరునాడే కలిపింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పత్రికలో చదివి అమ్మను తలుచుకున్నాను. ఆ గుర్తింపులో తన వేళ్ళ శ్రమ ఉంది. ఆ విలువ కూలిలోనూ కనిపించాలని నా కోరిక.

సంక్రాంతి కలయికకు షటిళ్ళు అందరికీ నేనే తెస్తున్నాను. దారం 40 నంబరు తెచ్చుకోండి, రెండు రంగులు, మెరుపు దారం వద్దు, జారిపోతుంది. దగ్గరి చూపు కళ్ళజోడు మరవకండి. మధ్యాహ్నం భోజనాల తరువాత వరండాలో కూర్చుందాం. మూడో బెంచీ ముందు వరుసలో కూర్చోవాలి. జడకుప్పెలు నా ఎదురుగా కూర్చోవాలి, తనది ఎడమచేతి వాటమని నాకు ఇప్పుడు తెలుసు.